ఎవరికీ రాయని సినిమా

మా లాబ్‌లో కట్టుడు పళ్ళు తయారవుతాయి. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టరు పోసి, మైనం మీద పళ్ళు పేర్చి, గులాబి రంగు చిగుళ్ళు కట్టి, పెట్టెల్లో పెట్టి వెనక్కి పంపుతాం. మైనం పని నాది. అచ్చులు పోసేది పిండి బాబాయి. సాయంత్రానికి కనుబొమలతో సహా తెల్లబడిపోతాడు కాబట్టి ఆ పేరు. పంటికి రంగు కుదిర్చేది పింగాణీ పాప. అన్నిటికన్నా చివరి పని, గరుకు పోగొట్టి మెరుగు పెట్టడం, సెన్సారు గారిది. ఈ కథ ఆయనది. నాకు ముక్కు మీద కోపం అని ఇక్కడ అందరూ అంటారు. ఈ కథ చెబుతున్నప్పుడు మాత్రం ఆ కోపం చాలావరకు నా మీదే.

మెరుగు పెట్టే గది వేరుగా ఉంటుంది. పొడి లేస్తుందనీ, చక్రం గోల పెడుతుందనీ ఓనరు గారు దానికి అద్దాల తలుపు బిగించారు. తొమ్మిదింటి నుంచి ఆరింటి దాకా సెన్సారు గారు ఆ అద్దం వెనక మూతికి గుడ్డ, కళ్ళకు పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని, తడి గుడ్డ చక్రానికి ఎవరివో పళ్ళు ఆనించి కూర్చునేవాడు. ఆయన మొహం మాకు పూర్తిగా కనిపించేది భోజనాల వేళకే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “ముహూర్తాలన్నీ ఆట టైముకే వచ్చాయి” అనేవాడు. టైర్ల కొట్టు పైన ఒక గది, వేరే ఊళ్ళో ఒక తమ్ముడు, ఆపైన సినిమాలు. ఆయనకున్నది అంతే.

ఎండలు ముదిరేముందు ప్రతి ఏడూ ఆయన ఒక కాగితం రాసి, మంచినీళ్ళ ఫిల్టరు పక్కనున్న బోర్డుకు గుచ్చేవాడు. ఆ వేసవిలో రాబోయే సినిమాలన్నీ అందులో ఉండేవి. పోస్టర్లు, ట్రైలర్లు, పాటలు, పేపర్లో డైరెక్టరు చెప్పిన సంగతులు, చెప్పకుండా దాటేసిన సంగతులు అన్నీ ఆరా తీసి, ఏ సినిమా మాలో ఎవరికి నప్పుతుందో రాసేవాడు. సినిమా అసలు పేరు రాసేవాడు కాదు. తనే ఏదో ఒక గుర్తు పెట్టేవాడు. మొన్నటి వేసవి కాగితం నా దగ్గరే ఉంది, చూసి రాస్తున్నాను.

“గుర్రం సినిమా. పోస్టర్లో హీరో కన్నా గుర్రమే బాగా నటించింది. పిండి బాబాయికి, పిల్లలతో సహా. రెండో సగంలో యుద్ధం నలభై నిమిషాలట. పిల్లలు చూస్తారు, బాబాయి ఓ కునుకు తీయొచ్చు.”

“దెయ్యం సినిమా. ట్రైలర్లో తలుపు మూడుసార్లు కిర్రుమంది. హాల్లో నాలుగోసారి కిర్రుమంటుంది, అప్పుడు అరవాలి. పింగాణీ పాపకూ, కాబోయే ఆయనకూ. చెయ్యి పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.”

“కోర్టు సినిమా. పాటల్లేవు, ఫైట్లు లేవు, వాదన ఒక్కటే. ఓనరు గారికి. రెండు గంటలసేపు ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వినడం ఆయనకు మంచిది.”

ఓనరు గారు ఇది చదివి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆదివారం మాత్రం వెళ్ళి చూసొచ్చారు.

“ముగ్గురు అక్కచెల్లెళ్ళ సినిమా. పెద్దది కోపిష్టి, నడిపిది ఏడుపుగొట్టు, చిన్నది ఎటో వెళ్ళిపోయేలా ఉంది. మైనం మేడంకి, వాళ్ళ అక్కతో కలిసి. రుమాళ్ళు రెండు పెట్టుకోవాలి.”

మూడు పట్టాయి. ఆయన లెక్క అక్కడొక్కచోటే తప్పింది.

సినిమా విడుదలైన శుక్రవారం ఆయన సగం రోజు సెలవు పెట్టి పొద్దున ఆటకు ఒక్కడే వెళ్ళేవాడు. మధ్యాహ్నం వచ్చి, కాగితం మీద ఆ సినిమా పక్కన టిక్కో, అడ్డగీతో పెట్టేవాడు. టిక్కు పడితే మేం ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వెళ్ళేవాళ్ళం. అడ్డగీత పడితే ఆ సినిమా ఊసే ఎత్తేవాళ్ళం కాదు. ఆయనకు సెన్సారు అన్న పేరు అలా వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఇదే పద్ధతి.

మరి ఇన్నేళ్ళలో ఆయన్ని మాతో రమ్మని ఎవరం ఎందుకు పిలవలేదంటే, ఆయన చూసేశాడు కదా. అంతకుమించి మేం ఆలోచించలేదు. ఆయన చేరిన కొత్తలో ఒకసారి మాత్రం లాబ్ అంతా కలిసి వెళ్ళాం. హాలు ముందు నిలబడ్డాక టికెట్టు ఒకటి తగ్గింది. “మీరెలాగూ చూసేశారుగా” అన్నాను నేను. వేళాకోళానికే అన్నాను. ఆయన నవ్వి, తన టికెట్టు నా చేతిలో పెట్టి, “ఇంటర్వెల్ అయ్యాక వెంటనే వచ్చి కూర్చోండి, అసలు సంగతి అక్కడే ఉంది” అని చెప్పి వెళ్ళిపోయాడు. మేం వెంటనే వచ్చి కూర్చున్నాం. సినిమా చాలా బాగుంది. ఆయన ఎటు వెళ్ళాడో ఎవరికీ తట్టలేదు.

మొన్నటి కాగితంలో అన్నిటికన్నా కింద ఇంకొకటి ఉంది.

“లైట్‌హౌస్ సినిమా. సముద్రం, దీపం, దాన్ని వెలిగించే ముసలాయన. ఇది ఎవరికీ రాయడం లేదు. నేనూ ఇప్పుడే చూడను.”

దీని వెనక సంగతి ఆయన నాకు వేసవి అయిపోయి, కాగితం బోర్డు నుంచి తీసేటప్పుడు చెప్పాడు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీరూ మాలాగే అపార్థం చేసుకుంటారు. అంతకుముందు ఏడు ఏదో నవ్వుల సినిమాలో ఒక మాటకు ఆయనకు పగలబడి నవ్వొచ్చిందట. నవ్వుతూ, విన్నారా అన్నట్టు పక్కకు తిరిగాడట. పక్క కుర్చీ మడిచే ఉంది. రెండో పక్కకు చూస్తే అదీ మడిచే ఉంది. “నవ్వు మధ్యలో ఆగిపోయింది మేడం. మళ్ళీ అందుకోలేకపోయాను” అన్నాడు. ఒక్క సినిమా చూడకుండా అట్టేపెట్టాలని అప్పుడే అనుకున్నాడట. తను చూడలేదని తెలిస్తే ఎవరో ఒకరు, పదండి కలిసి వెళ్దాం, అంటారని. నోరు తెరిచి అడగడం ఆయనకు చేతకాదు. పిలిస్తే వెళ్ళాలి. ఒక్కసారి చాలు.

మేమేమో, ఆయనకే నమ్మకం కుదరని సినిమా కాబోలు అనుకున్నాం.

లైట్‌హౌస్ సినిమా విడుదలైన శుక్రవారం ఆయన సెలవు పెట్టలేదు. తొమ్మిదింటికల్లా పనిలో ఉన్నాడు. పిండి బాబాయి ప్లాస్టరు కలుపుతూ చూసి, “ఏంటి సెన్సారు గారూ, ఇవాళ ఆటకి వెళ్ళలేదా?” అన్నాడు.

“లేదు బాబాయ్. ఇంకా చూడలేదు.”

“మీరే వెళ్ళలేదంటే అదెంత ఘోరంగా ఉందో” అని బాబాయి నవ్వాడు. ఆయనా నవ్వి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు భోజనాలయ్యాక నేనూ పింగాణీ పాపా ఆ వారం ఏ సినిమాకు వెళ్ళాలా అని మాట్లాడుకుంటున్నాం. ఆయన కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నాడు. ఒక్క డబ్బా కడగడానికి అంత సేపు పట్టదు. డబ్బా తుడుచుకుంటూ మా పక్కకు వచ్చి, “లైట్‌హౌస్ బాగుంటుందేమో. నేనైతే చూడలేదు” అన్నాడు.

“బతికిపోయారు” అన్నాను నేను.

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఆయన అక్కడే ఇంకొంచెం సేపు నిలబడ్డాడు. పాప అప్పటికే గుర్రం సినిమా పాట ఎత్తుకుంది. ఆయన తలుపు తోసుకుని వెళ్ళి చక్రం ఆన్ చేశాడు.

ఆదివారం పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన హాలు దాకా వెళ్ళాడట. మాలో ఎవరైనా రాకపోతారా, వస్తే తనను చూసి పిలవకపోతారా అని. రోడ్డుకు ఇవతల మంగలి షాపు నీడలో నిలబడి, మెట్లెక్కుతున్న ముసలాయన పోస్టర్ని చూస్తూ ఉన్నాడట. వచ్చిన పదిమందిలో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. లోపల గంట మోగాక వెనక్కి తిరిగి గదికి వెళ్ళిపోయాడు. “అంత దూరం వెళ్ళి, టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళొచ్చు కదండీ” అన్నాను ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు. “వెళ్తే చూసేసినవాణ్ణి అయిపోతాను కదా మేడం” అన్నాడు.

సోమవారానికల్లా ఆ సినిమా నాలుగు ఆటల నుంచి పొద్దున ఒక్క ఆటకు వచ్చింది. గురువారమే ఆఖరని పేపర్లో వేశారు. గురువారం పదకొండున్నరకు ఆట మొదలవుతుంది. పదకొండింటికి ఆయన చక్రం ఆపి, చేతులు కడుక్కుని, అద్దంలోంచి మా బల్లల వైపు చూశాడు. నేను తలెత్తి, ఏదైనా పళ్ళ సెట్టు తొందరగా కావాలేమో అనుకుని, ఇంకో పది నిమిషాలు అన్నట్టు వేళ్ళు చూపించాను. ఆయన తల ఊపాడు. పదకొండున్నరకు మళ్ళీ చక్రం తిరిగింది.

సాయంత్రం పిన్ని వచ్చింది. పిన్ని అంటే మా లాబ్ ఊడ్చే ఆమె. మేం రాకముందు పొద్దున్నే ఒకసారి, ప్లాస్టరు పని ముగిశాక సాయంత్రం ఒకసారి వస్తుంది. మొదట్లో మా లాబ్ వాళ్ళందరినీ మీకు చెప్పాను కదా, ఆమెను చెప్పలేదు. మీరు గమనించారో లేదో, నేను మాత్రం ఇప్పుడే గమనించాను.

ఆ రోజు ఆఖరి సెట్టు ఇద్దామని నేను మెరుగు గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. పిన్ని లోపల బల్ల కింద పొడి ఊడుస్తూ, “సెన్సారు గారూ, నా సినిమా చూసొచ్చానండీ” అంది.

ఆయన చక్రం ఆపాడు. “నీ సినిమా ఏది పిన్నీ?”

“అదేనండీ, దీపం సినిమా. మీ కాగితం పిండాయన నాకు చదివి వినిపించాడు. అందరికీ తలా ఒకటి రాశారట. చివరిది మాత్రం ఎవరికీ రాయలేదన్నాడు. ఇక్కడ మిగిలింది నేనే కదా, అది నాకే అట్టిపెట్టారనుకున్నా.”

పద్దెనిమిది కాగితాలు. ఒక్కదానిలో కూడా ఆమెకంటూ ఒక సినిమా లేదు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసిందని మొహం చూస్తే అర్థమైంది. కళ్ళద్దాలు తీసి, తుడవాల్సినంత కన్నా ఎక్కువసేపు తుడిచాడు.

“ఎప్పుడు వెళ్ళావు?”

“ఆదివారం పొద్దున ఆటకండీ. ఇంకోచోట ఊడ్చొచ్చేసరికి ఆలస్యమైపోయింది. పేర్లు పడుతుంటే చీకట్లో తడుముకుంటూ వెళ్ళి కూర్చున్నా.”

“ఎవరితో?”

“ఎవరితో వెళ్తానండీ. ఒక్కదాన్నే. నా వరసంతా ఖాళీ. మనవాళ్ళెవరైనా వచ్చారేమోనని ఇంటర్వెల్లో లేచి అటూ ఇటూ చూశా కూడా.” చీపురు ఆపి ఆయన వైపు చూసింది. “నాకనే కదండీ రాశారు?”

“నీకే” అన్నాడు ఆయన.

పిన్ని తల ఊపింది. తను అనుకున్నదే నిజమైనందుకు ఆమె మొహం వెలిగిపోయింది. మళ్ళీ చీపురు అందుకుంది.

“బాగుందా?” అని అడిగాడు. ఆ మాట ఆయన్ని మేం అడగడమే కానీ, ఆయన ఎవరినైనా అడగగా నేను ఎప్పుడూ వినలేదు.

“మీకు తెలియని సినిమానా? మీకు నేను చెప్పడమేంటండీ.”

“నేను చూడలేదు. చెప్పు.”

“చివర ఏమైందో చెప్పకూడదంటారు కదా మీరు.”

“చివర కూడా చెప్పు పిన్నీ. ఇవాళ్టితో తీసేశారు.”

పిన్ని ప్లాస్టరు బస్తా మీద కూర్చుంది. చీపురు ఒళ్ళో పెట్టుకుని మొదటి నుంచీ చెప్పింది. దీపం ఇక అక్కర్లేదని పైనుంచి ఉత్తరం వస్తుంది. ముసలాయన ఆ ఉత్తరం చదవనట్టే రోజూ మెట్లెక్కి దీపం వెలిగిస్తుంటాడు. మాట్లాడటానికి ఎవరూ లేక ఒక సముద్రపు పిట్టతో తగువు పెట్టుకుంటాడు. పిట్ట అలిగి వెళ్ళిపోతే, గిన్నెలో గింజలు పోసి, నేను చూడటం లేదులే వచ్చి తిను, అని అటు తిరిగి కూర్చుంటాడు. పిన్ని ఆ తిరగడం చేసి చూపించింది. బస్తా మీద గిర్రున తిరిగి, మూతి ముడుచుకుని, ఓరకంట చూస్తూ.

ఆయనకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. పళ్ళన్నీ బయటపెట్టి, బల్ల మీద చెయ్యి వేసి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ పక్కకు తిరిగాడు.

పక్కన నేనున్నాను. చేతిలో సెట్టు పట్టుకుని, బస్సుకు ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటున్నాను.

ఆయన చూపు నా మీద ఒక్క క్షణం నిలిచి, మళ్ళీ పిన్ని వైపు తిరిగింది. “తర్వాత?” అన్నాడు. నేను సెట్టు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అప్పటికి నాకేమీ తెలియదు. తెలియకపోయినా, ఆ నవ్వుకు నేను కూడా నవ్వొచ్చు. దానికి ఏమీ తెలియక్కర్లేదు.

మర్నాడు నీళ్ళు పట్టుకుంటూ బోర్డు చూశాను. లైట్‌హౌస్ సినిమా దగ్గర చివరి రెండు వాక్యాలు కొట్టేసి, పైన నీలం సిరాతో “పిన్నికి” అని రాసి ఉంది. పక్కన టిక్కు ఉంది. ఇన్నేళ్ళలో ఆయన చూడకుండా టిక్కు పెట్టిన సినిమా అదొక్కటే. అప్పటికది ఊళ్ళో ఎక్కడా ఆడటం లేదు.