నడుం కింద చెయ్యి

పోయిన నెల ఒక ఉదయం మా ఇంటావిడ పక్క మీది నుంచి లేచి నిలబడలేక ద్వారబంధం పట్టుకోవడం చూశాను. నడుము, మోకాళ్ళు నొప్పులని ఆమె ఏడాదిగా అంటూనే ఉంది, నేనూ వింటూనే ఉన్నాను, కానీ ఆ పట్టుకోవడం చూశాక చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా కూర్చున్న చోటే కూర్చుండిపోయాను. అచ్చం అలాగే ద్వారబంధం పట్టుకుని లేచిన మనిషిని నలభై ఏళ్ళ కిందట ఆళ్లగడ్డలో చూశాను కాబట్టి. ఆ రోజే నంద్యాలకు పోయి నడుముకు ఆనే పరుపు కొందామన్నాను. బస్సు కండక్టరుగా చేసి దిగినవాడికి వచ్చే పింఛను ఎంతో మీకు తెలియనిది కాదు, అందుకని ఆమె కళ్ళు పెద్దవి చేసింది. డబ్బు సంగతి ఎలా ఉన్నా పరుపుల సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను పరుపుల్లో పుట్టినవాణ్ణి.

ఆళ్లగడ్డలో మాది దూది ఏకే ఇల్లు. నాయన వసారాలో కూర్చుని మనిషంత పొడుగున్న విల్లు నారిని కొయ్య సుత్తితో మీటుతుంటే వీధి చివరి దాకా టంగు టంగుమని వినిపించేది, గడ్డలు కట్టిన పాత దూది విడిపోయి నురగలా లేచేది, మా కనుబొమల నిండా ఎప్పుడూ తెల్లగా పీచే. అమ్మ పరుపులకు గుడ్డ ముసుగులు కుట్టేది, నాయన దూది నింపాక దబ్బనంతో అడుగడుక్కీ కుట్లు వేసి బిగించేది. రోజంతా నేల మీద వంగి కూర్చుని చేసే పని అది. ఉయ్యాలవాడ రైతుల ఇళ్ళ నుంచి, అహోబిలం పూజారుల ఇళ్ళ నుంచి కూడా పరుపుల కోసం మా ఇంటికే వచ్చేవాళ్ళు.

రావడానికి కారణం నాయన పద్ధతి. నొప్పులున్న మనిషి పరుపు కావాలని వస్తే ఆయన దూది బరువు మాట ఎత్తేవాడు కాదు. "యాడ నొస్తాందప్పా?" అని అడిగి, కుట్టి సిద్ధంగా ఉన్న పరుపు మీద ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి నడుం కింద అరచెయ్యి దూర్చి చూసేవాడు. చెయ్యి ఆడుతూ పాడుతూ పోయిందంటే పరుపు మరీ గట్టిది, నడుముకు ఆనడం లేదన్నమాట. అసలు దూరనే దూరలేదంటే మరీ మెత్తన, మనిషి కుంగిపోతున్నాడు. రవ్వంత ఒరుసుకుంటూ పోవాలి, అదీ లెక్క. దాన్ని బట్టి బూరుగు దూది తగ్గించి పత్తి దూది కలిపేవాడు, కుట్లు దగ్గర దగ్గరగా వేయించేవాడు. ఆడవాళ్ళు వస్తే నాయన వీధిలోకి పోయి నిలబడేవాడు, అమ్మ లోపల తలుపు మూసి చెయ్యి పెట్టి చూసి వచ్చి చెప్పేది. చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళ ఆడవాళ్ళ నడుములు ఆమె చేతికి తెలుసో!

నాకు ఆ పీచూ ఆ దుమ్మూ పట్టలేదు. చదువుకుని నంద్యాలలో కండక్టరు ఉద్యోగం సంపాదించి, నలగని ఖాకీ వేసుకుని, మొదటి జీతం చేతిలో పడగానే నేను చేసిన మొట్టమొదటి ఘనకార్యం అమ్మకు స్పాంజి పరుపు కొనడం. అప్పటికే ఆమెకు కీళ్ళ నొప్పులు. దూది పరుపులు పాతకాలం వస్తువులని, పట్నం పరుపు మీద అమ్మ రాణిలా పడుకోవాలని నా ఆరాటం. నేను టికెట్లు కొట్టే బస్సు మీదే వేయించుకుని, తోవలో ప్రతి స్టేజీలోనూ దిగి అది పడిపోలేదు కదా అని చూసుకుంటూ తెచ్చాను. నాయన దాన్ని అరచేత్తో ఒక్కసారి నొక్కి ఊరుకున్నాడు. అమ్మ పడుకుని చూసి "బాగుండాదిలే నాయనా" అంది. నా ఛాతీ రెండింతలైంది.

ఆ తర్వాత ఎప్పుడు అడిగినా అదే మాట, బాగుండాదిలే. అర టికెట్టు కోసం పిల్లవాడి వయసు తగ్గించి చెప్పే తల్లిని మొహం చూసి పట్టేసే కండక్టరును నేను, నా తల్లి మొహంలో మాత్రం నాకేమీ కనిపించలేదు. ఒకరోజు డ్యూటీ మారి, చెప్పకుండా తెల్లవారుజాము మొదటి బస్సుకే ఇంటికి వచ్చాను. అమ్మ నేల మీద పాత బొంత మీది నుంచి ద్వారబంధం పట్టుకుని లేస్తూ ఉంది. నా పరుపు దుమ్ము పడకుండా ఉతికిన దుప్పటి కప్పుకుని గోడకు ఆనించి ఉంది. నాలుగు నెలలు దాని మీద పడుకుని, కుంగిన నడుం లేపలేక, ఇక ఓర్చుకోలేక బొంత మీదికి మారిందట. నేను ఇంట్లో ఉండే రోజు మాత్రం మళ్ళీ పరుపు పరుచుకునేదట, నేను నొచ్చుకుంటానని. సిగ్గుతో ఆ దుప్పటి అంచు సర్దుతూ నిలబడ్డాను. నాయనే అన్నాడు, నన్ను కాదు, తనను తానే అనుకున్నట్టు. "ఊర్లో అందరి నడుములూ మీయమ్మ జూసింది. మీయమ్మ నడుం ఎవురు జూసినారు? నేనూ జూడలేదు."

ఆ పూట నాయన వేరే పని ముట్టలేదు. తలుపు మూసి, అమ్మను పడుకోబెట్టి, పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి ఆమె నడుం కింద చెయ్యి పెట్టి చూశాడు. మంచి పత్తి ఏకి, కుట్లు ఆమెను ముట్టనివ్వకుండా తానే వేశాడు. నొప్పులు పోయాయని చెప్పను కానీ అమ్మ ద్వారబంధం పట్టుకోకుండా లేచింది. రెండేళ్ళకొకసారి దాన్ని విప్పి, దూది ఎండబెట్టి, మళ్ళీ ఏకి కుట్టేవాడు. నాయన పోయాక ఏకేవాళ్ళు దొరక్క అది గడ్డలు కట్టింది, ఆ వెనకే అమ్మా పోయింది.

ఇదంతా తల్లో తిరుగుతుండగానే నంద్యాలలో అంగడి మెట్లెక్కాం. అంగడాయన మర్యాదస్తుడు, "ఈడ కూసోండి పెద్దాయనా" అని అన్నిటికన్నా ఖరీదైనది ముందు చూపించాడు. మా ఇంటావిడ దాన్ని కన్నెత్తి చూడకుండా మూలనున్న చవక పరుపు మీద నిమిషం ఒరిగి, "బాగుండాదిలే, ఇదే తీసుకుందాం" అంది. అచ్చం అమ్మ మాటే అది. ఈసారి మోసపోదలచుకోలేదు. వెల్లకిలా పడుకోమని ఆమె నడుం కింద చెయ్యి పెట్టాను. అటు నుంచి ఇటు గాలిలా పోయింది. ఖరీదైన దాని మీద పడుకోబెట్టి చూస్తే చెయ్యి ఇరుక్కుంది.

"ఏందిది, సిగ్గుల్యా? అందురూ సూస్తాండారు!" అని ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చూస్తే చూడనీ అన్నాను. నాలుగోది, కొబ్బరి పీచు మీద పలచని రబ్బరు పొర వేసినది, దాని మీద చెయ్యి రవ్వంత ఒరుసుకుంటూ పోయింది. "నిజం చెప్పు" అన్నాను. ఆమె కాసేపు కళ్ళు మూసుకుని, "నడుం ఆనింది" అంది. మేం అనుకున్న దానికన్నా ధర ఎక్కువే. కొత్త మంచం ఆలోచన మానేసి, కుంగిన నవారు తీయించి పాత మంచం మీదే చెక్కలు వేయించాం. చెక్క మీద పడని పరుపు పరుపే కాదనేవాడు నాయన.

ఇప్పటి పరుపులు చుట్ట చుట్టుకుని ప్లాస్టిక్ సంచిలో వస్తున్నాయి. వాటిని విప్పి సరిచేసేదేమీ లేదు, కుంగితే పారెయ్యడమే. ఆళ్లగడ్డలో మా వీధి చివర నిలబడితే ఫోన్ల మోతే తప్ప విల్లు మోత లేదు. మా ఇంటావిడ ఇవాళ ఉదయం ద్వారబంధం ముట్టుకోకుండానే వంటింట్లోకి పోయింది, నేను చూస్తున్నానని కూడా ఆమెకు తెలియదు. నాయన పనిలో నేను విల్లు పట్టలేదు, దబ్బనం పట్టలేదు. చెయ్యి పెట్టి చూడటం ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. అదీ అమ్మకు అక్కరలేని కాలంలో.