గిత్తకు ముద్దలెక్కువైన రోజు

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదని ముందే ఒప్పుకుంటున్నాను. మా వీధిలో నాలుగు చినుకులు పడితే నా నోట్లో అది తుంగభద్ర వరద. అంగడిలో ఎలుక కనిపిస్తే నేను గుమాస్తాకు చెప్పేటప్పటికే అది పందికొక్కు, గుమాస్తా పక్కంగడికి చేరేటప్పటికి చిరుతపులి. కాబట్టి నేను రాసిన దాంట్లో సగం తీసేసి చదువుకోండి. భయం దగ్గర మాత్రం ఏమీ తీసేయనక్కర్లేదు. అది నా దగ్గర ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, పెంచే పని లేదు.

బేతంచెర్ల దగ్గర నాకొక పశువుల దాణా అంగడి ఉంది. పత్తిచెక్క, తవుడు, ఉలవలు అమ్ముతాను. పశువులు తినేవన్నీ నాకు తెలుసు, పశువులే తెలియవు. కొమ్ములున్న ప్రాణి ఎదురుగా వస్తే, అది మేకైనా సరే, నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. ఇటువంటి వాడి మీద ఒంగోలు జాతి పశువులు పెంచేవాళ్ల సంఘం నమ్మకం పెట్టుకుంది. సభ్యులకు వార్తలూ గుర్తుచేసే మాటలూ ఫోన్ గ్రూపులో రాసే పని నాకప్పగించింది. మిగతా వాళ్లందరి చేతులూ ఎప్పుడూ పేడలోనో మేతలోనో ఉంటాయి. నా చేతులు గల్లాపెట్టె మీద ఊరికే ఉంటాయి.

ఆ పని నేను మహా వైభవంగా చేశాను. చెవికి ట్యాగు లేని దూడ, తండ్రెవరో తెలియని రాజకుమారుడితో సమానమని రాశాను. గాలికుంటు టీకా వేయించని వాళ్ల కలలోకి వాళ్ల ఎద్దే వచ్చి ప్రశ్నిస్తుందని రాశాను. ఒకసారి మాత్రం చెయ్యి కాలింది. మన జాతి సముద్రాలు దాటి పోయిందనీ, అక్కడ దాన్ని మాంసం కోసమే పెంచుతారనీ, అక్కడి సంఘాల వార్తల్లో మూపురం అందం గురించి ఒక్క ముక్క ఉండదనీ, తొడ బరువు గురించే ఉంటుందనీ యాడనో చదివి రాశాను. ఎప్పుడూ సంతలా ఉండే గ్రూపు చావింటిలా అయిపోయింది. కాసేపటికి మా అధ్యక్షుడు ఫోన్ చేశాడు. ఆయన ఆలూరు వైపు పెద్ద రైతు, మాట తక్కువ మనిషి.

"ఏమప్పా శెట్టీ, మన బిడ్డ ఇంకోరింట్లో ఏం అగచాట్లు పడతాందో మనకు చెప్పాల్నా? తీసెయ్."

తీసేశాను. ఆ తర్వాత నా ధ్యాసంతా రోగాల మీదికి మళ్లింది.

ఆ ఏడాది ముద్దచర్మం రోగం చుట్టుపక్కల తిరుగుతోంది. పశువు ఒంటి నిండా గడ్డలు లేస్తాయి, జ్వరం వస్తుంది, మేత మానేస్తుంది. ఈగ ఒకదాని మీద వాలి ఇంకోదాని మీదికి పోతే చాలు, రోగం కూడా పోతుంది. మా వాళ్లు దాన్ని పొడుగ్గా పిలవరు. "ముద్దలొచ్చినాయి" అంటారు, అంతే. నేను రోజూ దాని గురించి రాసేవాణ్ని. గడ్డల ఫొటోలు పెట్టేవాణ్ని. రాసీ రాసీ ఆ రాతలకు అందరికంటే ఎక్కువ భయపడింది నేనే. దోమ కుట్టిన చోట తడుముకొని ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానో మా ఆవిడనడగండి.

ఇలా ఉండగా మా ఊరి మార్కెట్ యార్డులో పశువుల ప్రదర్శన పెట్టుకున్నాం. రెండు జిల్లాల గిత్తలూ ఆవులూ అక్కడికి రావాలి. ఇంకొక్క రోజు ఉందనగా పొద్దున గ్రూపులో ఒక గొంతు వినిపించింది. బేతంచెర్ల అవతల, నాపరాళ్ల గనుల పక్కనున్న పల్లెలో మా సభ్యుడొకాయన ఉన్నాడు. కొంచెం మెట్ట పొలం, ఒక గిత్త, వాటి మీద బతికే క్రైస్తవ కుటుంబం. పొలం వానను నమ్ముకుంటే, ఇల్లు గిత్తను నమ్ముకుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆవులను దాని దగ్గరికే తోలుకొస్తారు. ఆ గిత్త పోతే ఆ మొగుడూ పెళ్లాలు గనిలో బండలు మోయడానికి పోవలసిందే. మాట్లాడింది ఆయన భార్య. వెనకాల బండలు కోసే మిషన్ గీపెడుతోంది.

"అన్నా, మా గిత్తకు ముద్దలు ఎక్కువైపోయినాయన్నా. మేత ముట్టల్యా. పండుకొని లేస్తల్యా. ఎవరన్నా రాండన్నా."

గ్రూపు గుండె ఆగిపోయింది. తర్వాత అందరి గుండెలూ ఒక్కసారి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ పల్లె నుంచి ఎవరూ రావద్దన్నారు. ఆ పల్లెకు ఎవరూ పోవద్దన్నారు. ఆ దారిలో లారీలు కూడా ఆపాలని ఒకాయన అన్నాడు. పోయిన వారమే తన ఆవును ఆ గిత్త దగ్గరికి తోలుకెళ్లిన ఇంకొకాయన, దేవుడా అని ఒకే ఒక్క మాట పెట్టి మాయమయ్యాడు. ఆయమ్మ రమ్మని పిలిచిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ప్రదర్శన రద్దు అని నేను రాయబోతుంటే అధ్యక్షుడి ఫోన్ వచ్చింది. చూడకుండా ఒక్క అక్షరం రాయొద్దనీ, దగ్గరున్నది నేనే కాబట్టి పోయి కళ్లతో చూసి రమ్మనీ చెప్పాడు. నాకంటుకుంటే ఎట్లా అన్నాను.

"అది పశువులకొచ్చే రోగం. నువ్వు పశువువా?"

ఆ విషయం మా ఇంట్లో ఇంకా తేలలేదని చెప్పబోయాను గానీ ఆయన పెట్టేశాడు.

వాన కోటు వేసుకున్నాను. మొహానికి మాస్కు, దాని మీద ఇంకొక మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, జేబులో కర్పూరం, రెండో జేబులో వేపాకు. మా ఆవిడ గడపలో నిలబడి తల నుంచి కాళ్ల దాకా చూసింది. తనను పెళ్లిచూపులకు చూసేకి వచ్చినప్పుడు కూడా ఇంత తయారు కాలేదని చెప్పి లోపలికి పోయింది.

స్కూటర్ మీద పోతూ ఉంటే నాపరాళ్ల లారీలు తెల్లటి దుమ్ము లేపుతున్నాయి. ఆ దుమ్ములో ప్రతి రేణువూ నాకు ఈగలాగే కనిపించింది. ఆ రోడ్డు మీద ఆ రోజు ఉన్నన్ని ఈగలు భూమ్మీద పుట్టి ఉండవు. పల్లెకు చేరేసరికి వార్త నాకంటే ముందు చేరిపోయింది. వాళ్ల సందు మొదట్లో ముళ్లకంప అడ్డం వేశారు. నిలబెట్టిన నాపబండల కంచె మీద నుంచి ఒక ముసలాయన తల పైకెత్తాడు.

"యాడికప్పా? ఆ సందులోకి పోవాకు. ముద్దలొచ్చినాయంట."

నేను వెనక్కి తిరిగిపోవడానికి అంతకంటే మంచి మాట దొరకదు. కానీ అధ్యక్షుడికి ఏం చెప్పాలో తోచక, కంప జరుపుకొని లోపలికి పోయాను.

కొట్టంలో గిత్త పడుకొని ఉంది. సున్నం వేసిన గుట్టలా ఉంది. మా సభ్యుడు దాని తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు, నన్ను చూసి కూడా లేవలేదు. ఆమె దాని వీపు రుద్దుతోంది. నేను గుంజ చాటు నుంచే మెడ సాచి చూశాను. తెల్లటి చర్మం అద్దంలా ఉంది. ఒక్క గడ్డ లేదు. పొదుగు లేదు కాబట్టి పొదుగు కింద చూడలేదు గానీ, మిగతాదంతా చూశాను.

"ముద్దలు యాడమ్మా?"

"అవోన్నా."

మూలనున్న తట్ట చూపించింది. దాని నిండా ఉలవలు ఉడకబెట్టి రుబ్బి, జొన్నపిండి కలిపి, సంగటి ముద్దల్లా చేసిన ముద్దలు. నా అంగడి ఉలవలే.

"ప్రదర్శన ఉండాదని పొద్దన్నే మా ఆయన పెట్టినాడంట. నాకు తెలీక నేనూ పెట్టినా. శానా తినేసింది."

నవ్వొచ్చింది. రెండు మాస్కుల వెనక గట్టిగానే నవ్వాను. రెండు జిల్లాలు గడగడలాడింది ఈ తట్టకా అని. వాళ్లిద్దరూ నవ్వలేదు. అప్పుడు చూశాను, గిత్త ఎడమ డొక్క వీపు కంటే పైకి లేచి ఉంది. ఆయన వేలితో కొడితే డప్పులా మోగింది. అది పళ్లు కొరుకుతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మూలుగుతోంది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వేరే మండలంలో టీకాలు వేస్తున్నాడు. ఆయనకూ ముద్దలనే కబురు పోయిందట, ఉన్న పని ముగించుకొని సాయంత్రం వద్దామనుకున్నాడట. ఉలవల ముద్దలని చెప్పగానే గొంతు మారిపోయింది. రోగమైతే రేపు చూసినా చూడొచ్చు, ఇది కడుపుబ్బరం, గాలి గుండెను నొక్కేస్తుంది, ఇప్పుడే బయల్దేరుతున్నానన్నాడు. తాను వచ్చేలోగా దాన్ని పక్కకు వాలిపోనివ్వొద్దు, రొమ్ము మీదే కూర్చోబెట్టి పట్టుకోవాలి, నోట్లో అడ్డంగా కట్టె పెట్టి కట్టాలి, బలవంతంగా ఏమీ తాపొద్దు.

కట్టె గిత్త ఆసామి పెట్టాడు. పగ్గం కట్టేదాకా కొమ్ము పట్టుకోమన్నాడు. నా జన్మలో మొదటిసారి కొమ్ము పట్టుకున్నాను. అది ఊపిరి విడిస్తే నా వాన కోటు గాలిపటంలా లేచింది. దాన్ని ఒరిగిపోకుండా పట్టుకోవడానికి ముగ్గురం చాలడం లేదు. ఒక పక్కకు ఆనుకుంటే ఇంకో పక్కకు ఒరుగుతోంది. ఒరిగినప్పుడల్లా ఆమె యేసయ్యా అంటోంది, నేను రాఘవేంద్రా అంటున్నాను. ఆయన మాత్రం గిత్తను దాని ముద్దుపేరుతో పిలుస్తున్నాడు. మనుషులు కావాలి. సందు బయట బోలెడు మంది ఉన్నారు, కంప దాటి ఒక్కరూ రావడం లేదు.

గ్రూపులో రాశాను. నేను రాసిన వార్తల్లో అంత చిన్నది లేదు. తినే ముద్దలు, రోగం కాదు, కడుపుబ్బింది, మనుషులు కావాలి, రాండి.

ఎవరూ నమ్మలేదు. అది నేను ఊహించని భయం. ప్రదర్శన ఆగిపోతుందని శెట్టి కప్పిపెడుతున్నాడన్నారు. ఎలుకను పులి చేసేటోడు పులిని ఎలుక చేయలేడా అని ఒకాయన అడిగాడు. ఫొటో పెట్టాను. ఆ ముద్దలు ఎవరింటివో, ఆ గిత్త యాడిదో ఎట్ల తెలియాలన్నారు. ఇన్నేళ్లు నా మాటలకు నేను పోసిన నూనెంతా ఆ పూట నా కాళ్ల కిందికే వచ్చి జారుతోంది. గిత్త మూలుగు సన్నబడింది. గిత్త ఆసామి తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నేను పెంచలేను, తగ్గించలేను.

అప్పుడు ఫోన్ ఆమె చేతికిచ్చి వీడియో తియ్యమన్నాను. మాస్కులు రెండూ కిందికి లాగి, తట్టలో నుంచి ఒక ముద్ద తీసి, గిత్త మూపురం పక్కనే నిలబడి, కొరికి తిన్నాను. పొద్దుటి నుంచి ఉక్కలో ఉండి పులిసిన ముద్ద. మింగి, ఇదీ ముద్ద, రాండి అన్నాను.

వీడియో గ్రూపు నుంచి ఆ పల్లె ఫోన్లకు పాకిన కాసేపటికి కంప ఈడ్చిన చప్పుడైంది. మొదట వచ్చింది నన్ను పోవాకన్న ముసలాయనే. ఆ తర్వాత గనిలో పనిచేసే మగవాళ్లు, తలగుడ్డల నిండా తెల్లదుమ్ముతో. బండలెత్తే చేతులు గిత్త రెండు పక్కలా గోడల్లా నిలబడ్డాయి. నన్ను మర్యాదగా పక్కకు జరిపారు, అడ్డంగా ఉన్నానని. డాక్టరు వచ్చి నోట్లోంచి గొట్టం దించాడు. గాలి వచ్చింది. ఆ వాసన ఆదోని దాకా పోయిందని చెప్తే మీరు సగం తీసేస్తారు కాబట్టి బేతంచెర్ల దాకా పోయిందని చెప్తాను. డొక్క మెల్లగా దిగింది. డాక్టరు మందులు తాపి, ఇంకా గండం గడవలేదనీ, పేడ వేసేదాకా కళ్లు దాని మీదే ఉండాలనీ చెప్పాడు. పొద్దు వాలేటప్పుడు పేడ వేసింది. సంఘం చరిత్రలో ఒక పేడకు అంతమంది చేతులు జోడించడం అదే మొదలు.

ఆ గిత్త ప్రదర్శనకు రాలేదు. కొట్టంలో నిలబడి ఎండుగడ్డి కొరుకుతోందని ఆమె గ్రూపులో చెప్పింది. ప్రదర్శన మాత్రం జరిగింది. అధ్యక్షుడు ఒక కొత్త కట్టుబాటు పెట్టాడు. రోగానికి గడ్డలనే అనాలి, ముద్దలంటే తినేవి మాత్రమే. ఆ మాట గుర్తుచేస్తూ నేను రాసిన వార్తలో ఒక్క ఉపమానం కూడా లేదు. ఒంట్లో బాగాలేదా అని సభ్యులు ఫోన్లు చేశారు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. మా సంఘం వాళ్లకు అది తెలుసు, వీడియో చూశారు కాబట్టి. మీరు చూడలేదు కదా అని రాసేశాను. ముద్ద తిన్నది నేను కాదు. ఫోన్ పట్టుకున్నది నేను. వీడియో తీయమని నేను అననే లేదు. ఏం చేయాలో తోచక గుంజకు ఆనుకొని ఉంటే, ఆమే అన్నా ఫోన్ పట్టుకో అని తట్ట దగ్గరికి పోయింది. పొద్దుటి నుంచి ఆమె నోట్లో మెతుకు పడలేదు. ముద్ద కొరికింది, మింగుడు పడలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే బలవంతంగా మింగి, రాండి అంది. నా చేతులు వణికిన వణుకుకు ఆ వీడియోలో గిత్త కూడా ఊగుతూ కనిపిస్తుంది.