అమ్మమ్మ చెప్పని ఇద్దరు

కొత్తగూడెంలో డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు మా జువాలజీ మేడమ్ ఒక పని అంటగట్టింది. ఎవరి కుటుంబం చార్టు వాళ్లు గీసుకురావాలి. మగవాళ్లకు గడి, ఆడవాళ్లకు సున్నా, జబ్బు ఉన్నవాళ్లకు లోపల నల్లగా నింపాలి. మా ఇంట్లో ఎవరికీ రోగాల్లేవు, అరగంట పని అనుకుంటూ శుక్రవారం దమ్మపేట బస్సెక్కాను.

ఇల్లంతా సందడి. అక్క కొడుక్కి పదకొండో నెల, ఆదివారం మా మామయ్య ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలి. కంసాలికి కబురు కూడా వెళ్లింది.

నీకు ఎంతమంది పిల్లలని అమ్మమ్మను అడిగాను.

"ఇద్దరే. మీ అమ్మ, మీ మామయ్య."

ఒక సున్నా, ఒక గడి గీశాను. పక్కనే ఉన్న మామయ్య ముక్కుకి పాత కన్నం ఒకటి ఉంది. మగాడికి ముక్కెందుకు కుట్టించావే అని ఎగతాళి చేశాను.

"ముందు పుట్టిన మగపిల్లలిద్దరూ నిలవలేదు. అందుకే వీణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి ముక్కు కుట్టించా."

"మరి ఇద్దరే అన్నావు?"

"పోయినోళ్లను లెక్కపెట్టకూడదే."

నాకు ఒళ్లు మండింది. శుభ్రంగా గీసిన చార్టు పాడైందన్న బాధే తప్ప అప్పటికి ఇంకేమీ తోచలేదు, ఒట్టు. ఎలా పోయారని అడిగాను. పెద్దవాడు పడి నాలుక కొరుక్కుంటే మూడు రోజులు రక్తం ఆగలేదట. రెండోవాడు చెవులు కుట్టించిన నాలుగోనాడు పోయాడు. అమ్మమ్మ తమ్ముడు కూడా కాలికి గొడ్డలి తగిలి అలాగే పోయాడు. అందరికీ దిష్టి తగిలిందని అమ్మమ్మ నమ్మకం.

మూడు గడులు నల్లగా నింపాను. మూడూ మగవాళ్లవే. ఇలాంటి చార్టునే మేడమ్ బోర్డు మీద గీసి చెప్పింది: రక్తం గడ్డకట్టని జబ్బు తల్లి రక్తంలో దాగి ఉంటుంది, కొడుకుల్లో బయటపడుతుంది. అమ్మమ్మ, అమ్మ, అక్క. అక్క కింద ఒక గడి. ఆ గడివాడు వాకిట్లో పాకుతున్నాడు, మోకాళ్ల నిండా నీలం మచ్చలు. పాకితే కమిలాయని అందరం అనుకున్నాం.

"చెవులు కుట్టించొద్దు!" అని అరిచాను.

"ముక్కు కుట్టిస్తే వీడు నిలిచాడు. చెవులు కుట్టిస్తే వాడు పోతాడా?" అంది అమ్మమ్మ.

మామయ్యకు ఆ జబ్బు రాలేదు కాబట్టి బతికాడంతే అని ఎంత చెప్పినా ఒక్కరి చెవికీ ఎక్కలేదు. శుభమా అని వేడుక చేస్తుంటే ఈ అపశకునం మాటలేందని అమ్మ నన్ను కసిరింది. భయంతో, కోపంతో ఏడ్చేశాను. అక్క మాత్రం తెల్లారగానే బాబును చంకనేసుకుని నాతో ఖమ్మం బస్సెక్కింది.

దవాఖానాలో బాబు వేలికి డాక్టరు సూది గుచ్చాడు. దూది మార్చాడు, మళ్లీ మార్చాడు. చివరికి తనే వేలు నొక్కిపట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"చెవులు కుట్టియ్యలే గదా? బతికిండు పిలగాడు. ఎన్నడు కుట్టియ్యకుండ్రి. జల్దీ హైదరాబాద్ తీస్కపోండ్రి."

అక్క బాబు చెవులు రెండూ తడిమి చూసుకుంది. నా మాట తప్పయితే బాగుండని దారంతా మొక్కుకుంటూ వచ్చాను మరి.

ఇంటికొచ్చి చెప్పాక కంసాలిని రావద్దన్నారు. అమ్మమ్మ చార్టు తెమ్మని అడిగి ఒడిలో పెట్టుకుంది.

"ఇందులో రెండోవాడు ఏడే?"

చూపించాను. ఆ నల్ల గడి మీద వేలు పెట్టింది.

"కదులుతున్నాడని తల నేనే పట్టుకున్నానే," అంది. "గట్టిగా పట్టుకున్నా."