యాంకర్ లేని రాకెట్

మా బాపు మొన్నటిదాంక నాతోని మాట్లాడలే. నిన్న మాట్లాడిండు. మాట్లాడకున్నా మంచిగుండు! ఏం జరిగిందో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, నేనేమనుకోను. అంత ఆ రాకెట్ వల్లనే. కాదు కాదు, దాని తప్పేమున్నది పాపం, నా వల్లనే.

మీకు తెల్సు కద, ముంబై పక్కపొంటి భివండిల మాది కింద కార్ఖానా, మీద ఇల్లు. పొద్దందాక పవర్‌లూమ్ సాంచాలు కొట్టుకుంటనే ఉంటయ్. బాపు బతుకంత ఆ సాంచాల నడుమనే గడిచింది, చెవులు గూడ ఆడనే పోయినయ్. ఇప్పుడు ఎదురుంగ నిలవడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేస్కుంటడు. కార్ఖానా మనుషులకు అది అలవాటే, ఆ చప్పుడుల ఎవలి మాట ఎవలికి వినవడ్తది?

ఆయనకు ఒక్కటే పిచ్చి. రాకెట్ లేసుడు చూడాలె. లాంచ్ ఉన్నదంటే చాలు, ఇస్త్రీ అంగీ తొడుక్కొని టీవీ ముందట కూసుంటడు. కని ఆ టీవోళ్ళు చూడనిస్తరా? తెర మీద ఆరు డబ్బాలు, డబ్బాకొక మనిషి. కింద ఉరికే అక్షరాలు. ఓ మూలకు అగ్గిపెట్టెంత రాకెట్! సరిగ్గ మంట లేసే టైంకు యాంకరమ్మ మొఖం వస్తది, చప్పట్లు కొట్టుకుంట. ఆ మొఖం పోయేవరకు రాకెట్ మబ్బుల్ల ఉంటది. మనకైతే వాళ్ళ లొల్లి ఒక్కటే బాధ. బాపుకు అన్ని పెదవులు ఒక్కసారే కదులుతుంటే కండ్లు ఎటు పెట్టాల్నో తెల్వది.

"అది భూమి ఇడిసేది ఒక్కసారన్న చూడకపోతి రా శీనూ," అన్నడు పోయినసారి.

"ఫోన్ల మళ్ల వస్తది బాపూ, రేపు చూపెడ్త."

"పోయిందని తెల్సినంక చూస్తే ఏముంటది? లేస్తదో పడ్తదో తెల్వకుంట చూడాలె."

ఆ మాట నాకు తగిలింది. నిజమే కద! ఈసారి ఎట్లనన్న చూపెట్టాలని పట్టు పట్టిన. ఫోన్ పట్టుకొని ఒకటే వెతుకుడు. లైవ్ అని రాసుంటది, తెరిస్తే పాత వీడియో. ఇంకోటి తెరిస్తే బొమ్మల రాకెట్. ఇంకొకడు మూలకు తన మొఖమే పెట్టుకొని జోకులేస్తుండు. బట్ట కొనెటందుకు వచ్చిన గిరాకిని గూడ ఆపి అడిగిన, "భాయ్, కామెంటరీ లేకుండ ఎక్కడొస్తది?" అని. ఆఖరికి దొరికింది! డబ్బాల్లేవు, అక్షరాల్లేవు, యాంకర్ లేదు. రాకెట్టు, మూలకు గడియారం, అప్పుడప్పుడు కంట్రోల్ రూమ్ల మాటలు. అంతే. నేనే కనిపెట్టినంత గర్వమనిపిచ్చింది.

లాంచ్ దినం ఫోన్ నుంచి టీవీకి కలిపి పెట్టిన. బాపు అంగీ తొడుక్కున్నడు, తల దువ్వుకున్నడు, కుర్చీ ముందటికి జరుపుకున్నడు. అన్నీ సెట్. ఒక్కటే లోటు. సాంచాలు నడుస్తుంటే మా ఇల్లంత ఊగుతది, టీవీ గూడ వణుకుతది. బాపు ఇయ్యాల్లన్న నిమ్మలంగ చూడాలె కద అని కిందికి పోయిన.

"ఛలో, సబ్ చాయ్ పీకే ఆవో!" అని సాంచాలు నడిపే కారీగర్లను నాకకు, అదే చౌరస్తల చాయ్ దుకాణానికి, తోలిచ్చి మెయిన్ స్విచ్ బంద్ చేసిన. ఇంటి మీటర్ వేరే, టీవీకేం ఫికర్?

మీదికొస్తే ఎంత శాంతం! తెర మీద తెల్లటి రాకెట్, పక్కపొంటి తెల్లటి పొగ, ఆకాశంల ఒక పక్షి. చప్పుడు లేదు. గడియారం గూడ ఆగి ఉన్నది.

"ఆగిందేంది?" అన్నడు బాపు.

నేను అన్ని చదివి పెట్టుకున్నోన్ని కద! టీవీ ముందటికి పోయి నిలవడ్డ, నా పెదవులు కనవడాలె కద మరి. "దీన్ని హోల్డ్ అంటరు బాపూ. గడియారం ఆపి అన్ని చెక్ చేస్తరు."

"సరే గని, జర పక్కకు జరుగు."

జరిగిన. మళ్ల ముందటికి వచ్చిన. ఇంధనం ఎట్ల నింపుతరో చెప్పిన. మొదటి భాగం ఎట్ల ఊడిపోతదో చేతులతోని చూపెట్టిన. ఆయన మెడ అటు వంచి, ఇటు వంచి నా సంకల సందులనుంచి రాకెట్‌ను చూస్తుండు.

వంటింట్ల నుంచి నా పెండ్లాం లావణ్య వచ్చి నిలవడ్డది. "ఏమయ్యో, ఆ పొగ కదులుతలేదేంది?"

"ఆడ గాలి లేదు. మంచి వాతావరణం."

"మరి ఆ పక్షి?"

"పక్షికేమైంది?"

"ఇందాకటి సంది ఆడనే ఉన్నది."

"దూరంనుంచి తీస్తరు లావణ్యా, గట్లనే కనవడ్తది!"

గింతల పక్క బిల్డింగుల ఈలలు, చప్పట్లు. "క్రికెట్ చూస్తున్నట్లున్నరు," అన్న. దేశం రాకెట్ పోతుంటే క్రికెటా అని తిట్టిన గూడ!

మెట్లమీద ఉరుకుకుంట మా పాత కారీగర్ ఇర్ఫాన్ భాయ్ వచ్చిండు. "సేఠ్, క్యా మస్త్ గయా! దేఖా న?"

"క్యా గయా?"

"రాకెట్! నాకే పే టీవీ మే పూరా దేఖా!"

నాకల టీవీల వాళ్ళంత చూసిండ్రంట, రాకెట్ పోయిందంట! తిరిగి చూసిన. మా రాకెట్ మా కాడనే ఉన్నది. పక్షి గూడ ఉన్నది.

ఇర్ఫాన్ భాయ్ కిందికి పోయి మెయిన్ వేసిండు. సాంచాలు కదిలినయ్. కొద్దిసేపటికి టీవీల గూడ ప్రాణమొచ్చింది. కంట్రోల్ రూమ్ల అందరు ఒకలినొకలు కావలిచ్చుకుంటున్నరు. అప్పుడు వెలిగింది నాకు. మా వైఫై డబ్బా ఉండేది కార్ఖానా ఆఫీసుల, కెమెరాల కోసమని నేనే పెట్టిపిచ్చిన. స్విచ్ బంద్ చేసింది నేను, ఆగిపోయిన బొమ్మకు అర్థం చెప్పింది నేను. ఒక్క సాంచా ఆగితే నిద్రల గూడ లేచి కూసునేటోన్ని, లోకమంత ఆగితే శాంతమనుకున్న!

బాపు తిట్టలే. తిట్టినా బాగుండు. లేచి, ఇస్త్రీ అంగీ విడిచి, మడత పోకుంట హ్యాంగర్‌కు తగిలిచ్చిండు. లేస్తదో పడ్తదో తెల్వని ఆ ఒక్క నిమిషం ఆయనకు కావాల్సింది. మళ్ల ఎక్కడ తెచ్చిస్త?

నిన్న చాయ్ తాగేటప్పుడు ధైర్యం చేసి ఎదురుంగ నిలవడ్డ. "తప్పయింది బాపూ. వచ్చేసారి వైఫై జాగ్రత్త చేస్త, కామెంటరీ లేకుంట మళ్ల అదే పెడ్త."

నా పెదవుల దిక్కు మంచిగ చూసిండు. అంత అర్థం చేస్కున్నడు. అప్పుడు నోరు తెరిచిండు.

"టీవోళ్ళు సగమే అడ్డం వస్తుండె. నువ్వు మొత్తం వచ్చినవ్. వచ్చేసారి లాంచ్ టైంకు బట్ట తాన్లు దించెటందుకు నువ్వు మాన్కోలి గోదాముకు పో. నేను నాకకు పోయి చూస్త."