ట్యాంకుకు రోజుకు రెండు మోపుల గడ్డి

ప్రపంచంలో జరిగిన యుద్ధాలన్నిటినీ గుడ్డతో తుడిచిన మనిషి మా బాబాయి. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. యుద్ధ మ్యూజియంలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయన పని దుమ్ము దులపడం. కంచు బల్లెం నుంచి క్షిపణి దాకా ఆయన చెయ్యి పడని ఆయుధం లేదు. ఆ చేత్తో ఇంతవరకు చీమ కూడా చావలేదు.

పండితులు యుద్ధ చరిత్రను రాజుల లెక్కన చెబుతారు. బాబాయి దుమ్ము లెక్కన చెప్పేవాడు.

"బల్లెం బంగారం లాంటిదిరా, ఒక్క తుడుపు చాలు. తర్వాత ఎవడో తెలివైనవాడు గొలుసు కవచం కనిపెట్టాడు, నా నడుం పోయింది. రింగు రింగుకీ బ్రష్షు పెట్టాలి. మెషిన్ గన్నుకి నూనె. ట్యాంకుకి నిచ్చెన. చంపడం సులువయ్యేకొద్దీ తుడవడం కష్టమైపోయింది."

ఇదంతా ఇంట్లో మా దగ్గరే. మ్యూజియంలో ఆయన నోరు విప్పకూడదు. 'శుభ్రతా సిబ్బంది సందర్శకులతో మాట్లాడరాదు' అని స్టోరు గది తలుపు మీద బోర్డు ఉంది. ఆ బోర్డునూ రోజూ ఆయనే తుడవాలి. మాట్లాడే ఉద్యోగం గైడుది. గైడు మానేసి ఏడాదైంది, కుర్చీ ఖాళీగా ఉంది. బాబాయి రిటైరయ్యేందుకు ఇంకా నెల రోజులుంది. ఆ తర్వాత ఆ కుర్చీ ఇప్పిస్తే చాలు, మరేమీ వద్దని డైరెక్టరుకు అర్జీ పెట్టుకున్నాడు.

"తనిఖీకి ఒక పెద్దాయన వస్తున్నారు. యుద్ధాల మీద మూడు పుస్తకాలు రాశారు. ఆయన ఊ అంటే నాదేముంది," అన్నాడు డైరెక్టరు.

పిన్నికి ఆయనకంటే ఎక్కువ తొందర. "ముప్పై ఏళ్లు నేను ఊరికే విన్నాను. ఇకనైనా ఎవరో టిక్కెట్టు కొనుక్కుని వినాలి."

అంతా బాగానే ఉంది. ఎటొచ్చీ మ్యూజియంలోని వివరాల అట్టల్లో ఒక్కటి కూడా దాని చోట లేదు.

ఆ పుణ్యంలో నాకూ కాస్త వాటా ఉంది. తొమ్మిదేళ్ల కిందట మ్యూజియం హాలుకు రంగులు వేసింది నేనే. ఒకే తరగతి మూడుసార్లు చదివి, పరీక్షలకే నా మీద విసుగు పుట్టాక బడి మానేసి బ్రష్షు పట్టినవాణ్ణి. ఆ గోడ ఇవాళ్టికీ పెచ్చు ఊడలేదు. పిడుగు పడినా జారి పక్కింటి మీద పడాల్సిందే. ఆ రోజు బాబాయి నలభై రెండు అట్టలూ విప్పి వరసగా పేర్చాడు. నా నిచ్చెన ఊగుతుంటే ఆ దొంతరను సగం ఒక కాలి కిందా, సగం ఇంకో కాలి కిందా పెట్టాను. నిచ్చెన కొండలా నిలబడింది. తీసేసరికి అట్టలు పేకముక్కల్లా కలిసిపోయాయి. తెల్లారితే తలుపులు తెరవాలి. బాబాయి కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఏ చట్రంలో ఏది పడితే అది దూర్చి తాళాలు వేసి, తాళంచెవులు డైరెక్టరుకు అప్పజెప్పాడు.

మర్నాడు కళ్లద్దాలు పెట్టుకుని చూసి గతుక్కుమన్నాడు. తాళంచెవులు అడగాలంటే కారణం చెప్పాలి. ఎవరైనా పట్టుకున్నప్పుడు చూద్దాంలే అనుకున్నాడు. తొమ్మిదేళ్లయినా ఎవరూ పట్టుకోలేదు. వేలమంది వచ్చారు, నిలబడి చదివారు, కొందరు రాసుకుని కూడా వెళ్లారు.

తనిఖీ రోజు నేను తలుపు చట్రానికి రంగు పూస్తున్నాను. పెద్దాయన లావుపాటి నోటుబుక్కుతో ముందు, డైరెక్టరు వెనక, చేతిలో గుడ్డతో బాబాయి ఆ వెనక.

బల్లెం దగ్గర పెద్దాయన ఆగి పైకే చదివాడు. "ఇంత భయంకరమైన ఆయుధం వచ్చాక ఇక యుద్ధాలే ఉండవని దీన్ని తయారుచేసినవారు నమ్మారు." తలాడించాడు. "నిజమే. అలాగే నమ్మారు పాపం."

అది బాంబు అట్ట.

మెషిన్ గన్ దగ్గర, "పంటకోతల లోపు యుద్ధం ముగుస్తుందని పాలకులు మాట ఇచ్చారు. చాలా ఏళ్లు సాగింది." "చక్కగా రాశారు," అన్నాడు.

అది బల్లెం అట్ట. ఫిరంగి దగ్గర, ఇరుపక్షాలూ గెలిచామని ప్రకటించుకున్నాయని ఉంది. అది దేనిదో బాబాయికే గుర్తులేదు. వేల ఏళ్లుగా మనుషులు ఆయుధాలు మార్చారు గానీ అట్ట మార్చాల్సిన పని పెట్టుకోలేదు. బాబాయి మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

అప్పుడు ట్యాంకు వచ్చింది.

"దీనికి రోజుకు రెండు మోపుల గడ్డి, నాలుగు కుండల నీళ్లు కావాలి. నిలబడే నిద్రపోతుంది. వెనకనుంచి వెళ్తే తంతుంది."

పెద్దాయన మళ్లీ చదివాడు. డైరెక్టరు మెడ తుడుచుకున్నాడు.

"ఏమిటిది?"

బాబాయి ఒక్క అడుగు ముందుకేశాడు. "చమురు అయిపోయిందండి. ఆఖరి నెలంతా గుర్రాలతో లాగించారు. గడ్డి వాటికే. నిలబడి నిద్రపోయింది కూడా అవే."

"మరి తన్నడం?"

"చాకిరీ అలాంటిదండి."

పెద్దాయన కళ్లు మెరిశాయి. "ఇది నా మూడు పుస్తకాల్లోనూ లేదయ్యా. నాలుగో దాంట్లో వేస్తాను. ఎన్ని గుర్రాలు?" అంటూ కలం తీశాడు.

కుర్చీ దాదాపు వచ్చేసినట్టే. ఎనిమిదని నేను బ్రష్షుతో సైగ చేశాను. బాబాయి నా వైపు చూడలేదు. రోజుకో కోత కోస్తూ నన్ను పెంచిన మనిషి, ఆ కలం కాగితాన్ని తాకబోతుంటే, "రాయకండి," అన్నాడు.

"ఏం?"

"నోటి మాటైతే గాలికి పోతుందండి. పుస్తకంలో పడితే తుడవడం నా వల్ల కాదు. అది గుర్రం అట్ట. అక్కడ గుర్రపు కవచం పెట్టెలో, లోపల నలుగురు కూర్చోవచ్చని ఉంటుంది చూడండి."

"తక్కినవి?"

"నలభై రెండూనండి. తప్పు నాదే."

డైరెక్టరు నోరు తెరిచాడు. పెద్దాయన వెనక్కి తిరిగి, తాను తలాడించిన పెట్టెలన్నిటినీ ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు చూశాడు.

"బల్లెం దగ్గరున్నది?"

"బాంబుదండి."

నోటుబుక్కు మూసేశాడు. "నేను చదివానని ఎక్కడా అనకు," అని మెల్లిగా చెప్పి, డైరెక్టరు వైపు తిరిగాడు. "దేనిది ఏదో తెలిసినవాడు ఈయనొక్కడే ఉన్నాడు. వదులుకోకండి."

తనిఖీ నివేదికలో 'రెండు అట్టలు మార్చాలి, మిగతా హాలు శాస్త్రీయంగా ఉంది' అని వచ్చింది. ట్యాంకుదీ గుర్రానిదీ మార్చారు. మిగిలిన నలభై ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. వాటిలో ఎవరికీ లోటేం కనబడలేదు.

బాబాయి ఇప్పుడు గైడు కుర్చీలో కూర్చుంటున్నాడు. నా నిచ్చెన ఊగకపోతే ఆ కుర్చీ ఎక్కడిదని నేనంటే, పిన్ని గరిటె వెతుక్కుంటుంది. మొదటి రోజు జనం ఆయన్ని అడిగింది మంచినీళ్లెక్కడ అని మాత్రమే. రెండో రోజు ఒకావిడ పాపతో వచ్చి ట్యాంకు ముందు నిలబడిపోయింది.

"ఏవండీ, నేను స్కూల్లో ఉన్నప్పుడు వచ్చాను. ఇది గడ్డి తినేది కదూ?"

దగ్గర్లో కలం పట్టుకున్నవాళ్లెవరూ లేరని బాబాయి చూసుకున్నాడు.

"యుద్ధం లేని రోజుల్లో తినేదమ్మా," అన్నాడు.