పెద్దగదిలో పురుడు, పుస్తకంలో ఆసుపత్రి

కాన్పుల వార్డుకు ఆ రోజు మామిడాకులు కట్టారు. దూరపు పట్నంలోని నర్సుల బడికీ మా ఊరి ఆసుపత్రికీ ఒప్పందం కుదిరిందట. బడి పిల్లలు ఇక్కడ ఉండి పురుడు పోయడం నేర్చుకోవాలి, ఆసుపత్రి వాళ్లకు పని చూపించాలి. ఆసుపత్రి నడిపే బోర్డు ప్రెసిడెంటు సంతకం పెట్టాడు, డాక్టరు పెట్టాడు, బడి దొరసాని పెట్టింది. కాన్పుకు ఆడది ఆసుపత్రికి వస్తుందా అని ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. వచ్చుంటే నన్ను అడగాలి, ఊరి మంత్రసానిని నేనే. వార్డు ముందు కళ్లాపి చల్లడానికి మాత్రం నన్ను పిలిచారు.

మూడు నెలలు ఇనుప మంచాలు ఖాళీగా పడి ఉన్నాయి. డాక్టరు మగవాడు. మావి పాతిపెట్టడానికి పెరడు లేదు. ఎవతి వస్తుంది?

బడి పంపిన పిల్ల కురిచేడు వైపుది, మొగుడు పోయినది. రోజూ కొత్త దుప్పట్లు విప్పి మళ్లీ మడత పెట్టేది. పన్నెండు కాన్పులు పుస్తకంలో ఎక్కి, డాక్టరో ప్రెసిడెంటో సంతకం పెడితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. లేదంటే ఇంటికి పోవాలి. ఇల్లంటే ఆమెకు అన్నగారి గొడ్ల చావిడి.

చూడలేక నా వెంట ఇళ్లకు తిప్పుకున్నాను. మంచి చేయి ఆమెది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేది, నన్నూ కడుక్కోమనేది. మొదట తిట్టాను. తర్వాత కడుక్కున్నాను. ఉగాది నాటికి పదకొండు కాన్పులయ్యాయి. డాక్టరు ఒక్కదానికీ సంతకం పెట్టలేదు. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని కాగితంలో ఉందట. ఆ మహానుభావుడికి కాగితం కనిపించింది గానీ ఖాళీ మంచాలు కనిపించలేదు.

అప్పుడే ప్రెసిడెంటు కూతురు తొలి కాన్పుకు పామూరు నుంచి పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రి ఆయన వాకిట్లో నిలబడి కేకేస్తే వినబడేంత దూరం. నొప్పులు రాగానే ఆయన బండి పంపింది నా ఇంటికి. పిల్లను వెంట తీసుకెళ్లాను. బిడ్డ బయటపడింది గానీ ఊపిరి తీయలేదు. నర్సు పిల్ల ఆ బిడ్డ నోట్లో నోరు పెట్టి ఊదింది. కాసేపటికి బిడ్డ ఏడ్చింది.

మంత్రసాని చేట అందుకోకుండా గడప దాటితే బిడ్డకు కీడని మా వైపు నమ్మకం. ప్రెసిడెంటు భార్య చేటలో బియ్యం, చీర, తమలపాకులు పెట్టుకొచ్చింది. నేను చేతులు చాచకుండా ప్రెసిడెంటు వైపు తిరిగాను.

"చేట వద్దయ్యా. ఈ పిల్ల పుస్తకంలో సంతకం పెట్టండి. పన్నెండింటికీ."

"ఏందే, బేరమా? ఆస్పత్రిలో జరిగితేనే పెట్టాలని రాసుకున్నాం."

"రాసుకున్నది మీరే గదయ్యా. మరి మీ కూతుర్ని ఆడికి ఎందుకు పంపలా?"

భార్య చేట పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమె ముఖం చూసి ఆయన కలం తెమ్మన్నాడు. బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు రాశాడు. సంతకానికి ఇంతసేపా అనుకున్నాను. అక్షరం రానిదాన్ని, అంతకంటే ఏమనుకుంటాను? చేట అందుకుని బయటికి వచ్చాను.

పిల్ల పరీక్ష నెగ్గింది. గిద్దలూరు వైపు ఉద్యోగం వచ్చింది. నాకు చేతకాని వయసు వచ్చాక తన దగ్గరికే తీసుకెళ్లి అక్షరాలు దిద్దించింది. కంటబడినదల్లా చదివే రోజుల్లో ఆ పాత పుస్తకం చేతికొచ్చింది. కాన్పు జరిగిన చోటు అని ఉన్న దగ్గర పన్నెండు సార్లూ ప్రెసిడెంటు చేతిరాతే: ఆసుపత్రి. దుకాణం సాయిబు ఇంటి వెనక పంచ ఆసుపత్రి. కంది చేను గట్టు ఆసుపత్రి. ఆయన సొంత ఇంట్లో పెద్దగది కూడా ఆసుపత్రే. పక్కనుండి పని చూపించినవారు అన్న చోట డాక్టరు పేరు.

ఒప్పందం ఫలించిందని ఆ సంవత్సరం బోర్డు సభలో ఎందుకు చప్పట్లు కొట్టారో అప్పుడు తెలిసింది.

"ఇది ఆ రోజే ఎందుకు చెప్పలా?" అన్నాను.

"చెప్పింటే చింపేసేదానివి అత్తా. నేను గొడ్ల చావిట్లోకి పోయేదాన్ని."

నిజమే, చింపేదాన్నే. పుస్తకం మూసి, పెట్టెలో ఆమె సర్టిఫికెట్టు కింద పెట్టాను.