చందమామకు ఏం పని

చెంచాతో పోసిన పాలు పాప ముక్కులోంచి పొంగినప్పుడు సన్నగా ఒక చప్పుడవుతుంది. అది విన్నప్పుడల్లా, కర్నూలు కాలేజీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన రూతమ్మ మేడమ్ గుర్తుకొస్తారు.

కోడి పొదిగిన గుడ్డును మేడమ్ పగలగొట్టి, గోరువెచ్చని ఉప్పునీళ్లలో పిండాన్ని తేల్చి చూపేవారు. ఆవగింజంత ఎర్రటి గుండె కొట్టుకుంటూ ఉండేది. వాసనకు మేము కొంగులు అడ్డం పెట్టుకుంటే, "ముక్కులు మూసుకుంటాండారేమే? మీరూ ఒకప్పుడు ఇంతే ఉండినారు" అని నవ్వేవారు. పిండంలో ఒక పొర పక్క పొరకు కబురు పంపుతుందని, అది అందితేనే ఆ పొర కన్నో చెవో అవుతుందని మొదట ఆమె నోటే విన్నాను. "ఆ కబురు మోసేది ఏదో పదార్థం. అదేందో ఇంకా వెతుకుతాండారు" అనేవారు. ముఖం కూడా రెండు వైపుల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుందట.

"మరి గ్రహణమొర్రి, మేడమ్?" అని అడిగాను.

"అతుక్కోవలసిన వేళకు అతుక్కోదు, అంతే. చందమామకు మీ మూతులతో ఏం పనే!"

క్లాసంతా నవ్వింది.

పెళ్లయి మైదుకూరు వచ్చాను. నాకు మూడో నెలలో గ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నవాళ్లు కత్తిపీట ముట్టకూడదని, చీకటి గదిలో కదలకుండా పడుకోవాలని మా అత్త చెప్పింది. నేను నవ్వి, వంటింట్లో కూర్చుని వంకాయలు కోశాను.

పాప పై పెదవీ అంగిలీ చీలి పుట్టింది.

"శానా సదివినావు గదా, నా మాట యాడ ఇంటావు? బిడ్డ మూతి కోసి పెట్టినావు" అని అత్త రోజూ అంటుంది. మా ఆయన పాపను ఎత్తుకోరు. నా తప్పు కాదని మేడమ్ వచ్చి వీళ్ల ముందు ఒక్క మాట అంటే చాలనుకున్నాను. కబురు పెట్టాను.

కడపకు పోతూ ఆమె దారిలో బస్సు దిగి వచ్చారు. పాపను ఒళ్లోకి తీసుకుని, ముఖం మీది గుడ్డ తొలగించి చాలాసేపు చూశారు. తరువాత మెల్లగా, "గ్రహణం పూట ఏమన్నా కోసినావా, తల్లీ?" అన్నారు.

గడపలో నిలబడిన అత్త, "ఇన్నావా? మీ టీచరమ్మే అడుగుతాంది" అంది.

మేడమ్ ముఖం నల్లబడింది. పాపను నా ఒళ్లో పెట్టారు. నీళ్లు తాగి వెళ్లిపోయారు.

క్లాసులో ఆమె అబద్ధం చెప్పారని నేననుకోను. నమ్మే చెప్పారు. అయితే చదువుకన్నా ముందు వాళ్లమ్మ చెప్పిన మాట ఒకటి ఆమెలో ఉంది. పసిబిడ్డ ముఖం చూడగానే అదే బయటికి వచ్చింది. ఇది అర్థమైనా నాకు కోపం తగ్గలేదు.

ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. ఈసారి గ్రహణం పడితే చీకటి గదిలో కదలకుండా పడుకుంటాను. పడుకుని, ఏ పొర ఏ పొరకు ఎప్పుడు కబురు పంపుతుందో మేడమ్ చెప్పిన వరుసలోనే తలుచుకుంటాను. ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.